సాక్సులో బిళ్ల

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు నేను నిమ్మకాయలు కోస్తున్నాను. టైము అంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, ఖోబ్రగడే సారు గడియారం నా ఒళ్ళోనే ఉంది. ఆయన మా బడి పీటీ మాస్టరు. ఆ రోజు రిఫరీ కూడా ఆయనే. గడియారం పట్టీ తెగిపోతే విప్పి నాకిచ్చి, మూడున్నర కాగానే హాఫ్ టైమని చెయ్యి ఎత్తి చూపించమన్నారు. చంద్రపూర్ ఊరి మైదానంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ సెలక్షన్ అది. రాష్ట్ర జట్టు క్యాంపుకు మా జిల్లా నుంచి ఎవరిని తీసుకోవాలో చూడటానికి నాగ్‌పూర్ నుంచి ఒక మేడమ్, ఆమెతో ఇంకొకాయన వచ్చి రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. మైదానం నడుమ మా చెల్లె సరిత ఆడుతోంది. అప్పటికి దానికి పదహారేళ్ళు. హాఫ్ టైములో పిల్లలకివ్వడానికి పన్నెండు కాయలు తెచ్చాను. ఏడో కాయ కోస్తున్నాను.

ఆ ఏడో కాయ సగంలో ఉండగా ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మేఘన అడిగింది కాబట్టి చెబుతున్నాను. మేఘన సరిత కూతురు. సరిత పోయి రెండు నెలలు దాటింది. బట్టలు ఇచ్చేశాం, బీరువా ఖాళీ చేశాం, ఆట సంచి మాత్రం ఎవరూ విప్పలేదు. మొన్న మేఘన దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే చూడు పెద్దమ్మా, నాతోని అయితలేదు" అంది. అందులో ఒక విజిల్, మోకాలి పట్టీ, రెండు చుట్టల బ్యాండేజీ గుడ్డ, రబ్బరు బ్యాండు వేసి చుట్టిన ఒక్క సాక్సు ఉన్నాయి. సాక్సు విప్పితే ఇత్తడి బిళ్ల ఒకటి నేల మీద పడి మంచం కిందికి దొర్లింది. మేఘన వంగి తీసి, దాని మీద కొట్టిన 318 అంకెను వేలితో తడిమింది. "ఏంది గిది? పాత పైసనా?" అని అడిగింది. తాత బిళ్ల అన్నాను. "తాత బిళ్ల అమ్మ సాక్సుల ఎందుకున్నది?" అంది. రాసిస్తానన్నాను. మేఘన మరాఠీ బడిలో చదివింది, తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం కూడబలుక్కుని చదువుతుంది. అందుకని తేలిక మాటల్లో రాస్తున్నాను.

మేం చంద్రపూర్‌లోనే బాబుపేట్ అనే బస్తీలో ఉండేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, పెళ్ళికి ముందే కరీంనగర్ వైపు నుంచి వచ్చి బొగ్గుబాయిలో కుదిరాడు. లోపల కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. బాయిలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. దిగే ముందు ఆ బిళ్ల లాంప్ రూములో ఇచ్చి నెత్తికి పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల వాపసు తీసుకోవాలి. ఏ బిళ్లలు లాంప్ రూములో ఉన్నాయో ఆ మనుషులు ఇంకా భూమి లోపల ఉన్నట్టు. బాపు ఇంటికి రాగానే బూట్లయినా విప్పకముందు బిళ్లను అద్దం పక్కనున్న మేకుకు తగిలించేవాడు. ఆ చిన్న చప్పుడు అయ్యేదాకా అవ్వ నోరు విప్పేది కాదు. అవ్వ అంటే అమ్మమ్మ కాదు, మేం కన్నతల్లిని అలాగే పిలిచేవాళ్ళం. మేకుకు బిళ్ల ఉంటే బాపు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. బాపు ఏడని మేం ఎవరినీ అడిగేవాళ్ళం కాదు, మేకు వైపు చూసేవాళ్ళం.

మొదటి షిఫ్టు నాలుగింటికి అయిపోయేది. బాపు ఇల్లు చేరేసరికి అవ్వ బొగ్గుల కుంపటి మీద గంగాళం నిండా నీళ్ళు కాచి ఉంచేది. ఆ వేళకు గల్లీలో అన్ని కుంపట్లూ ముట్టించేవాళ్ళు. పొగ కిందికి దిగి మనిషి నడుము ఎత్తున నిలిచేది. ఎర్ర సబ్బు, కొబ్బరినూనె, తడి బొగ్గు, కాలుతున్న జొన్నరొట్టె, ఈ నాలుగు వాసనలూ కలిస్తే మా ఇంట్లో సాయంత్రం అయినట్టు. ఎంత రుద్దినా బాపు కళ్ళ అంచుల నలుపు పోయేది కాదు. రొట్టె, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా తిని, కాజీపేట రైలు దిగినవాళ్ళు వదిలేసిన పాత తెలుగు వారపత్రిక ఏదైనా దొరికితే వేలు పెట్టి చదివేవాడు. మా బడిలో తెలుగు లేదు. నాకు అక్షరాలు వచ్చింది ఆ వేలు వెంబడే. బాయిలో ఏం జరిగిందో మాత్రం ఒక్క మాట చెప్పేవాడు కాదు. "బాయి మాట గడప దాటొద్దు" అనేవాడు. ఎవరైనా దెబ్బ తిన్నా, కప్పు కూలినా మాకు పక్కింటివాళ్ళ ద్వారానే తెలిసేది. ఆడవాళ్ళు భయపడతారని అలా పెట్టుకున్న నియమం అది. దానివల్ల భయం తగ్గిందని నేననుకోను.

సరిత ఆట రైలు గేటు పక్క ఖాళీ జాగాలో మగపిల్లల మధ్య మొదలైంది. ఖోబ్రగడే సారు చూసి బడి జట్టులో వేశారు. అవ్వ ఒకే షరతు పెట్టింది, అక్క వెంట ఉండాలని. అలా ఆరేళ్ళు మైదానం అంచున కూర్చుని నేను పుస్తకాలు చదివాను, మధ్యమధ్య తలెత్తి ఆట చూశాను. నా చదువులో సగం అక్కడే అయింది. పక్కింటి ఓదెమ్మత్త ఊరుకునేది కాదు, అవ్వను పట్టుకుని అడిగేది.

"ఏందే లచ్చవ్వా, నీ బిడ్డ లాగు ఏసుకొని మొగపోరగాండ్ల నడుమ ఉరుకుతున్నదట?"

"ఉరకనియ్ తియ్. నీ కొడుకు గోలు కాడ నిలవడ్డడట గదా. నా బిడ్డ బంతి తంతే కండ్లు మూసుకున్నడట."

"వానికి కండ్లల్ల దుమ్ము పడ్డదే!"

"పడ్డది పడ్డది. మూడు మాట్ల పడ్డది."

సరిత పొట్టిది, బలం లేదు, గోల్స్ కొట్టేది కాదు. నడుమ నిలబడి అటు నుంచి వచ్చిన బంతిని ఇటు పంపేది. చూసేవాళ్ళకు అందులో గొప్ప ఏముందో తెలియదు. నాకూ చాలాకాలం తెలియలేదు. ఖోబ్రగడే సారు ఒకసారి చెప్పారు, "మీ చెల్లెలు వెనక్కి తిరిగి చూడదు, గమనించావా? అడుగుల చప్పుడు వింటుంది." అప్పటి నుంచి చూశాను. నిజమే. వెనక నుంచి ఎవరు ఏ వైపు వస్తున్నారో బంతి అందకముందే దానికి తెలిసేది. పొగలో, దుమ్ములో ఆడి నేర్చుకున్న విద్య అది. కళ్ళకన్నా చెవులు ముందు.

ఇక భోంగా. బాయి సైరన్‌ను అందరం భోంగా అనేవాళ్ళం. షిఫ్టు మారే మూడు వేళల్లో మోగేది, ఊరంతా వినపడేది. ఆ మూడు వేళల్లో మోగితే ఎవరూ తలెత్తరు. వేళ కాని వేళ మోగితే మాత్రం ఒక్కటే అర్థం, లోపల ప్రమాదం జరిగిందని. అప్పుడు బాబుపేట్ ఆడవాళ్ళు ఏ పని చేతిలో ఉంటే ఆ పని ఆపి చెవి పెట్టేవాళ్ళు. రెండోసారి మోగిందా, కుంపటి మీద నీళ్ళు చల్లి బాయి గేటుకు పరుగెత్తేవాళ్ళు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నడక వచ్చిన పిల్లకు ఇదీ వచ్చేది.

కేబుల్ టీవీ తీగలు ఒక ఇంటి మీద నుంచి ఇంకో ఇంటి మీదికి పాకుతున్న రోజులవి. కిరాణా కొట్లో కొత్త కొత్త సబ్బులు వేలాడుతున్నాయి. బాయిల్లో పెద్ద మిషన్లు వస్తాయని, మనుషులు తగ్గుతారని మగవాళ్ళు అరుగుల మీద మాట్లాడుకునేవాళ్ళు. ఆ మార్పుల్లో భాగంగానే పాత ఆవిరి భోంగా తీసేసి కరెంటుది పెట్టారు. దాన్ని పరీక్షించిన రోజు, సరిత సెలక్షన్ రోజు ఒకటే అయ్యాయి. పరీక్ష ఉందని ముందురోజే లాంప్ రూము దగ్గర అందరికీ చెప్పారు. దిగినవాళ్ళందరికీ తెలుసు. గడప దాటి ఆ మాట ఎవరింటికీ రాలేదు.

మూడూ ఇరవైకి భోంగా మోగింది. బంతి సరిత కాలి దగ్గరే ఉంది. దాని మీద కాలు పెట్టి నిలబడిపోయింది. మిగతా పిల్లలు ఊళ్ళోవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకు అదొక చప్పుడు, అంతే. అవతలి జట్టు పిల్ల వచ్చి సరిత కాలి కింద నుంచి బంతి లాక్కుపోయి గోలు కొట్టింది. అరుపులు లేచాయి. సరిత అటు చూడలేదు. నా వైపు చూసింది. భోంగా రెండోసారి మోగింది. సరిత నడిచి మైదానం గీత దాటింది, తరువాత పరుగు. నేను కత్తి పడేసి దాని వెనక పరుగెత్తాను.

రైలు గేటు వేసి ఉంది. బొగ్గు నింపిన గూడ్సు బండి మెల్లగా పోతోంది. బూట్ల మేకులు తారు రోడ్డు మీద టకటకలాడిస్తూ సరిత అటూ ఇటూ తిరుగుతోంది. "ఇంక ఎన్ని డబ్బాలున్నయ్ అక్కా? జర చూడు" అంటోంది. మలుపు దాకా బండే కనిపిస్తోంది. అప్పుడు నా పిడికిలి చూసుకున్నాను. సారు గడియారం అందులోనే ఉంది. మేం వచ్చేశాక ఆ మొదటి సగం ఎంతసేపు నడిచిందో ఎవరికీ తెలియదని తరువాత చెప్పుకుని నవ్వారు.

బాయి గేటు దగ్గర గల్లీకి గల్లీ నిలబడి ఉంది. పిండి చేతులతో కొందరు, తడి జుట్టుతో కొందరు. అవ్వ ముందు వరసలో ఉంది. వాచ్‌మన్ "టెస్టింగ్ హై బాయీ, టెస్టింగ్! ఘర్ జావో!" అని, వట్టి పరీక్షే, ఇళ్ళకు పొండని అరుస్తున్నాడు. ఒక్కరూ కదల్లేదు. వెనకటికి ఒకసారి ఇలాగే ఏమీ కాలేదని చెప్పారట, అది అబద్ధమైందట. నాలుగింటికి దీపాలు పైకి వచ్చేదాకా అందరం అలాగే నిలబడ్డాం. లాగులో, మోకాళ్ళ నిండా మట్టితో సరిత ఆ ఆడవాళ్ళ మధ్య ఉంది. ఓదెమ్మత్త దాని పక్కనే ఉండి, ఆ లాగు గురించి ఒక్క మాట అనలేదు.

బాపు గేటు బయటికొచ్చి ముందు దాన్నే చూశాడు.

"ఆట అయిపోయిందా బిడ్డా?"

"లే."

"మరి గిట్లెందుకొచ్చినవ్?"

"భోంగా మోగింది బాపు."

బాపు దాని బూట్ల వైపు చూశాడు. "నిన్ననే చెప్పిన్రు పరీక్ష ఉంటదని" అన్నాడు. "నేనే చెప్పలే."

ఆ సాయంత్రం బిళ్ల మేకుకు తగిలిన చప్పుడు అయ్యాక అవ్వ మాట్లాడింది. బాపు మీద ఆమె గొంతెత్తడం నేను విన్నది ఆ ఒక్కసారే. "గడప గడప అంటివి. నీ బాయి మాట గడప అవతలనే ఉన్నది, నా బిడ్డ ఆట గూడ అవతలనే పాయె." బాపు స్నానం చేయకుండా అలాగే కూర్చున్నాడు. దీపాలు పెట్టేవేళ ఖోబ్రగడే సారు గడియారం కోసం వచ్చారు. మేడమ్‌ను బతిమాలానని, సంగతి చెప్పానని అన్నారు. రెండో రోజు ఆటలో సరితను సగం ఆడనిస్తారట. "కానీ ఆమె ఒకటి అడిగింది. రేపు కూడా మోగితే ఏం చేస్తుంది ఈ పిల్ల అని. ఏం చెప్పమంటావు?"

సరిత, "మోగితే పోత సర్" అంది. అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆ క్యాంపుకు పోవాలని రెండేళ్ళ నుంచి అది అన్నం తింటూ కూడా చెప్పేది. మేడమ్ ముందు ఇంకో అవకాశం ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. అయినా పోతానంది. సారు తల దించుకున్నారు. అప్పుడు బాపు, "రేపు గూడ మోగుతది. ఇంకో పరీక్ష ఉన్నది" అన్నాడు. మా ఇంట్లో బాయి మాట గడప దాటింది అదే మొదటిసారి.

"మోగుతదని చెప్తే అయిపోయె గదా" అన్నాను నేను.

"చెప్తే చెవికి తెలుస్తది" అంది అవ్వ. "కాలుకు తెలుస్తదా?"

మర్నాడు పొద్దున బాపు డ్యూటీ బట్టలు వేసుకోలేదు. నాగా పెట్టాడు. ఒంట్లో బాగాలేకపోయినా దిగే మనిషి. మేకు నుంచి బిళ్ల తీసి సరిత చేతిలో పెట్టాడు. "బిళ్ల లేంది లాంప్ ఇయ్యరు. లాంప్ లేంది దిగనియ్యరు. గిది నీ తాన ఉన్నంతసేపు నేను మీదున్నట్టె. మోగితే మోగనియ్" అన్నాడు. సరిత దాన్ని కుడికాలి సాక్సులో, చీలమండ పైన పెట్టుకుని రబ్బరు బ్యాండు వేసుకుంది. బాపు మైదానానికి రాలేదు. గల్లీలో ఇంటింటికీ పోయి, ఇవాళ పరీక్ష ఉంది, పరుగెత్తకండని చెప్పి వచ్చి, మంచానికి నవారు బిగిస్తూ కూర్చున్నాడని అవ్వ తరువాత చెప్పింది.

ఆ రోజు నేను నిమ్మకాయలు కోయలేదు. పుస్తకం తెరవలేదు. భోంగా మోగినప్పుడు బంతి సరిత దగ్గర లేదు, ఎడమ వైపు నుంచి వస్తోంది. సరిత ఆగింది. నిన్నటిలాగే ఆగింది. అయిపోయిందనుకున్నాను. అది వంగి, సాక్సు మీద చెయ్యి వేసి నొక్కింది. లేచింది. బంతి వచ్చింది. వెనక ఇద్దరు వస్తున్నారు, వాళ్ళను చూడకుండానే బంతిని వాళ్ళ మధ్య నుంచి కుడివైపు ఖాళీలోకి పంపింది. ఆ బంతి అందుకున్న పిల్ల గోలు కొట్టలేదు, బయటికి కొట్టింది. అయినా షెడ్డు కింద మేడమ్ కుర్చీలో ముందుకు జరిగి కాగితం మీద ఏదో రాసుకోవడం నేను చూశాను. భోంగా రెండోసారి మోగుతూనే ఉంది. సరిత ఆడుతూనే ఉంది.

ఆట అయ్యాక మేడమ్ పిలిచి, "మధ్యలో వంగావెందుకు?" అని అడిగింది.

"సాక్సు జారింది మేడమ్."

వారం తరువాత పేరు వచ్చింది.

ఆ తరువాత సరిత మూడేళ్ళు రాష్ట్ర జట్టుకు ఆడింది. దేశం జట్టు క్యాంపుకు కూడా ఒకసారి పిలిచారు, చివరి జాబితాలో పేరు రాలేదు. మోకాలు చెడింది. కోఠారి అనే ఊళ్ళో బడి పీటీ టీచరుగా చేరి, అక్కడి పిల్లలను ఇరవై ఏళ్ళకు పైగా ఆడించింది. పేపర్లో దాని ఫోటో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పేరు తప్పుగా వేశారు. చంద్రపూర్‌లో ఎప్పుడు ఆట ఉన్నా బాపు ఆ రోజు నాగా పెట్టేవాడు, బిళ్ల సాక్సులోకి పోయేది. సరిత ఆడటం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకు రావు బాపు అంటే, "నేను చూస్తే ఏమొస్తదే, నా బిళ్ల చూస్తున్నది గద" అనేవాడు. ఊరి బయట ఆటలకు బిళ్ల అక్కర్లేదు, అక్కడ భోంగా వినపడదు. కానీ పుణెలో ఒకసారి అంబులెన్సు పోతుంటే ఆగిపోయానని సరిత నాకు చెప్పింది. రిటైరయ్యేటప్పుడు బిళ్ల అప్పజెప్పాలి. పోయిందని రాసిచ్చాడు బాపు. ఆయన ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

చివరి నెలల్లో సరిత మంచం మీద పడుకుని మేఘన ఫోన్‌లో ఆటలు చూసేది. ఇంగ్లండ్‌లో ఒక చిన్న పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా లేవేమో, నడిమి ఆట ఆడుతుంది. ఆ పిల్ల ఆటలన్నీ వెతికి పెట్టించుకునేది. వేల మంది కూర్చున్న మైదానం, పచ్చటి గడ్డి, ఆ పిల్ల పేరు వీపు మీద రాసిన చొక్కాలు వేసుకుని వచ్చిన చిన్న చిన్న ఆడపిల్లలు. "చూడక్కా, బంతి రాకముందే ఎన్నిసార్లు తల తిప్పి చూస్తదో లెక్కవెట్టు. నేను గట్ల చూడకపోతుంటి" అంది. నువ్వు వినేదానివి కదా అన్నాను. "అవ్. దానికి వినుడు అక్కర్లేదు. గంత మంది మొత్తుకుంటుంటే ఏం ఇనవడ్తది? కండ్లే చాలు." అందులో ఈర్ష్య లేదు. ఆ పిల్ల ఆట బాగుందని చెప్పింది, అంతే. నేను మాత్రం, ఆ పిల్ల తండ్రి ఏం పని చేస్తాడో అనుకున్నాను. మైదానంలో ఉన్నంతసేపు ఆమె మనసులో ఆట తప్ప ఇంకేదీ ఉండనక్కర్లేదేమో. అదే నిజమైతే మంచిదే. మా రోజులు మేలైనవని నేను చెప్పను. మా చెల్లె కాలు ఆగిన ఆ రెండు క్షణాలు ఏ పిల్లకూ రాకపోతేనే నయం. అయినా ఆ వంగి నొక్కిన చెయ్యిని నేను మరిచిపోలేకుండా ఉన్నాను.

మేఘనా, నువ్వడిగిందానికి ఇదే జవాబు. బిళ్ల నీ దగ్గరే ఉంచుకో. తాత, అవ్వ, మీ అమ్మ ముగ్గురూ పోయారు. ఆ బాయి మూసేశారు, నీళ్ళు నిండిపోయాయంటారు. మా పాత ఇంట్లో ఇప్పుడెవరో అద్దెకు ఉంటున్నారు. పోయిన నెల అటు పోతే లోపలికి పిలిచి చాయ్ ఇచ్చారు. అద్దం మారింది, మేకు మాత్రం అలాగే ఉంది, దానికి ఫోన్ చార్జరు వేలాడుతోంది. బాబుపేట్‌లో ఇప్పుడు ఎవరూ వేళ చూసి భోంగా మోగించరు. పని ఆపి ఎవరూ చెవి పెట్టరు. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి మేకు వైపు ఎవరూ చూడరు.